సోమవారం పొద్దున్న శిష్యత్వం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒంగోలులో మాకు చిన్న టైలరింగ్ షాపు ఉంది. ఆడవాళ్ల జాకెట్లు, పిల్లల గౌన్లు కుడతాం. నాతో పాటు ఇద్దరు అమ్మాయిలు పనిచేస్తారు. మా సంఘంలో స్త్రీల సమాజానికి, కొత్తగా పెళ్లయిన జంటలకు వాక్యం చెప్పే బాధ్యత 11 ఏళ్లుగా నా మీద ఉంది. కూడిక అయిపోయి చాపలు చుడుతుంటే ఎవరో ఒకరు పక్కకు వచ్చి, "అక్కా, ఒక మాట అడగనా" అంటారు. అడిగేది పరలోకం గురించో ప్రకటన గ్రంథం గురించో కాదు, ఆఫీసు గురించి, అత్తగారి గురించి, కొట్టు గురించి. ఆ ప్రశ్నలు, నాకు తెలిసినంతలో నేను చెప్పిన జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

విశ్వాసి వేరు, శిష్యుడు వేరా?

మన సంఘాల్లో అలా మాట్లాడుకోవడం అలవాటైంది గానీ బైబిల్లో ఆ తేడా నాకు కనపడలేదు. అపొస్తలుల కార్యములు 11:26 చూడండి. అంతియొకయలో శిష్యులను మొట్టమొదట క్రైస్తవులని పిలిచారని ఉంటుంది. అంటే శిష్యుడన్న పేరే ముందుది.

శిష్యుడంటే గురువు దగ్గరుండి పని నేర్చుకునేవాడు. మా షాపుకి కొత్తగా వచ్చిన అమ్మాయికి మొదటి నెల కత్తెర ఇవ్వను. నా పక్కన స్టూలేసుకుని కూర్చుని హుక్కులు కుడుతుంది, కాజాలు తీస్తుంది. మధ్యమధ్యలో నా చేతులే చూస్తుంటుంది. టేపు ఎంత బిగించి పట్టుకుంటున్నాను, చంక దగ్గర ఎంత వదులు పెడుతున్నాను, చిరాకు పడే కస్టమర్‌తో ఎలా మాట్లాడుతున్నాను, అన్నీ. ఆరు నెలలయ్యేసరికి ఆ పిల్ల కుట్టిన మెడ చూసి "ఇది నువ్వే కుట్టావా అక్కా" అని నన్ను అడుగుతారు. యేసయ్యకు శిష్యులం కావడం కూడా నాకు ఇలాగే అర్థమైంది. ఆయన పక్కన కూర్చుని చూస్తూ చూస్తూ ఉంటే ఆయన చేతివాటం మనకు వస్తుంది.

లూకా 9:23లో, తన సిలువను "ప్రతిదినము" ఎత్తుకోవాలని ప్రభువు అన్నాడు. మత్తయి, మార్కు సువార్తల్లో ఇదే మాట ఉన్న చోట "ప్రతిదినము" అన్న పదం లేదు. లూకా ఒక్కడే రాశాడు. ఉజ్జీవ సభలో చెయ్యెత్తిన రోజుతో సరిపోదని, మంగళవారం కూడా ఎత్తుకోవాలని నాకు నేర్పింది ఆ ఒక్క పదమే.

నేను సేవకురాలిని కాను, పనికి పోయేదాన్ని. నా పనికి దేవుని దగ్గర విలువ ఉంటుందా?

ఉంటుంది. "పూర్తికాల సేవ" అన్న మాట వల్ల మనకు తెలియకుండానే నష్టం జరిగిందని నా అభిప్రాయం. పాస్టరు గారిది పూర్తికాలం అయితే మనది ఆదివారం రెండు గంటల సేవ అన్నట్టు అయిపోయింది.

యేసుప్రభువు పరిచర్య మొదలుపెట్టేనాటికి దాదాపు 30 ఏళ్లవాడని లూకా 3:23లో ఉంది. అప్పటిదాకా నజరేతులో వడ్లపని. మార్కు 6:3లో ఊరివాళ్లు ఆయన్ని "వడ్లవాడు కాడా" అని చులకన చేసి మాట్లాడారు. యొర్దానులో బాప్తిస్మం తీసుకుని నీళ్లలోంచి బయటికి వచ్చినప్పుడు తండ్రి, నీయందు నేను ఆనందిస్తున్నానన్నాడు. ఆ రోజుకి ఆయన ఒక్క రోగిని ముట్టలేదు, కొండమీద ఒక్క ప్రసంగం చేయలేదు. తండ్రి ఆనందం వెనక ఉన్నవి ఆ రంపపుపొట్టు ఏళ్లే.

ఇంకా వెనక్కి వెళ్తే ఆదికాండము 2:15లో, పాపం ఇంకా లోకంలోకి రాకముందే, దేవుడు ఆదాముకి తోటపని అప్పజెప్పాడు. 3వ అధ్యాయంలో శాపం పడింది నేల మీద. ముళ్లు, చెమట అప్పుడు వచ్చాయి, పని అంతకుముందు నుంచే ఉంది. నిర్గమకాండము 31లో, నా ఆత్మతో నింపానని దేవుడే ఒక మనిషి పేరు పెట్టి చెప్పాడు. ఆ బెసలేలు ప్రవక్త కాదు, యాజకుడూ కాదు. బంగారం, ఇత్తడి, రత్నాలు, కర్ర మీద పనిచేసే చేతిపనివాడు. పౌలు కొరింథులో అకుల, ప్రిస్కిల్లలతో కలిసి డేరాలు కుట్టాడు. డేరాలు కుట్టిన చేతితోనే ఉత్తరాలూ రాశాడు. కుట్టుపనిదాన్ని కాబట్టి నాకు ఇది కొంచెం ఎక్కువ సంతోషం.

"ప్రభువు నిమిత్తం చేయండి" అంటారు. నిజంగా చేసేటప్పుడు అది ఎలా ఉంటుంది?

కొలొస్సయులకు రాసిన పత్రిక 3:23 మనందరికీ కంఠతా వచ్చు. ఏం చేసినా మనుషుల కోసం కాదు, ప్రభువు కోసం అని మనస్ఫూర్తిగా చేయాలని. కానీ పౌలు ఆ మాట ఎవరితో అన్నాడో ఒక వచనం వెనక్కి వెళ్లి చూడండి. దాసులతో అన్నాడు. జీతం లేనివాళ్లు, పని మానే హక్కు లేనివాళ్లు, మెచ్చుకునేవాళ్లు లేనివాళ్లు. "మా మేనేజరు గుర్తించడు, నేనెందుకు బాగా చేయాలి" అనిపించినప్పుడు ఆ దాసులను గుర్తు చేసుకోండి. వాళ్ల పని ఎవరూ చూడకపోయినా ప్రభువు చూస్తున్నాడని పౌలు చెప్పాడు.

ఇక చేతల్లో చెప్పమంటే నా పనిలోంచే చెప్తాను. జాకెట్టుకి బయటి కుట్టు అందరూ చూస్తారు. లోపల అంచులకి ఓవర్‌లాక్ చేశామా లేదా అన్నది తిరగేసి చూస్తే గానీ తెలీదు. చేయకపోతే నాలుగు ఉతుకులకే దారాలు లేస్తాయి, ఆరో నెలలో చంక దగ్గర పిగులుతుంది. కస్టమర్ "గుడ్డ మంచిది కాదు" అనుకుంటుంది, నా మీద అనుమానం రాదు. డిసెంబరులో క్రిస్మస్ బట్టలు కుప్పగా పడి ఉంటే, ఆ లోపలి అంచు దగ్గర నాకు ప్రతిసారీ పరీక్షే. ఎవరూ చూడని ఆ అంచు ప్రభువు కోసం కుట్టేది. మీ పనిలో కూడా అలాంటి లోపలి అంచు ఒకటి ఉంటుంది. నర్సుకి రాత్రి మూడింటికి చూడాల్సిన బీపీ, టీచరుకి చివరి బెంచీలో ఉన్న పిల్లాడి నోట్సు, మేస్త్రీకి గోడలోపల పడే సిమెంటు పాళ్లు.

కొద్దిగా అటూ ఇటూ చేయకపోతే వ్యాపారంలో బతకలేం కదా?

దీనికి జవాబు చెప్పే ముందు నా సంగతి ఒప్పుకోవాలి.

కస్టమర్లు జాకెట్టుకని మీటరు గుడ్డ ఇస్తారు. చాలామందికి 80 సెంటీమీటర్లు సరిపోతుంది. మిగిలిన ముక్క వాళ్లదే. కానీ మా వృత్తిలో అది టైలరు దగ్గరే ఉండిపోతుంది, ఎవరూ అడగరు. పట్టు ముక్కలు, బ్రోకేడ్ ముక్కలు నేను దాచిపెట్టి పైపింగ్‌కి, పిల్లల గౌన్ల యోకులకి వాడేదాన్ని. బొందు సంచులు కుట్టి అమ్మేదాన్ని. ఏళ్లపాటు చేశాను. తప్పని అనిపించలేదు.

ఒక శనివారం, సుంకం వసూలు చేసే జక్కయ్య మీద పాఠం చెప్పడానికి లూకా 19 చదువుకుంటున్నాను. ఎవరి దగ్గరైనా అన్యాయంగా ఏదైనా తీసుకుని ఉంటే నాలుగంతలు ఇచ్చేస్తానన్నాడాయన. ఇంకా ఎవరూ అడగకముందే అన్నాడు. నేను కూర్చున్న బల్ల కిందే ముక్కల గోనెసంచి ఉంది. ఆ పాఠం నేను మర్నాడు చెప్పలేకపోయాను.

గుర్తున్నంతవరకు ఎవరి ముక్కలు వాళ్లకి ఇచ్చేశాను. అమ్ముకున్నవాటికి డబ్బు కట్టాను. ఒక పెద్దావిడ "ముక్కల్లో ఏముందమ్మా" అని నవ్వేసింది. ఇంకో ఆవిడ మాత్రం "అయితే ఇన్నేళ్లూ నా గుడ్డ దొంగిలించావన్నమాట" అని బజారులో పదిమంది వినేలా అని వెళ్లిపోయింది. మళ్లీ మా షాపు మెట్లు ఎక్కలేదు. ఆవిడన్నది నిజమే కాబట్టి నాకు చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఇప్పుడు ప్రతి జాకెట్టుతో పాటు మిగిలిన ముక్కని మడిచి, పిన్ను పెట్టి ఇస్తాం.

వ్యాపారం మునిగిందా అంటే మునగలేదు. పెరిగిందా అంటే, నిజాయితీగా ఉంటే లాభం వస్తుందని నేను ఎవరికీ మాటివ్వను. కొందరికి నష్టం కూడా వస్తుంది. సామెతలు 11:1లో దొంగ త్రాసు యెహోవాకు హేయమని ఉంది. సరైన త్రాసు వాడితే బేరం పెరుగుతుందని మాత్రం అక్కడ లేదు. ఆయనకు ఇష్టమని ఉంది, అంతే.

ముక్కల కంటే మానుకోవడానికి కష్టమైంది ఇంకొకటి ఉంది. "అయిపోయిందమ్మా, కాజాలే మిగిలాయి, రేపు సాయంత్రం రండి" అనే మాట. అప్పటికి గుడ్డ కత్తిరించి కూడా ఉండదు. ఆవిడ ఆటో డబ్బులు పెట్టుకుని రెండుసార్లు తిరుగుతుంది. ఇప్పుడు నేను రెండు రోజులు ఎక్కువ పెట్టుకుని తేదీ చెప్తున్నాను, కుదరదనిపిస్తే పని తీసుకోవడం లేదు. డబ్బులు తగ్గాయి, తలనొప్పీ తగ్గింది.

నేను ప్రభుత్వ ఆఫీసులో పని చేస్తాను. అందరూ లంచం తీసుకుంటారు. నేను ఒక్కణ్నే ఏం చేయగలను?

లూకా 3వ అధ్యాయంలో బాప్తిస్మమిచ్చే యోహాను దగ్గరికి సుంకం వసూలు చేసేవాళ్లు, సైనికులు వచ్చి "మేమేం చేయాలి" అని ఇదే అడిగారు. ఉద్యోగం మానేయమని ఆయన అనలేదు. నిర్ణయించిన దానికంటే ఎక్కువ తీసుకోవద్దు అని ఒకరికి, ఎవరినీ బెదిరించవద్దు, జీతంతో తృప్తిపడండి అని ఇంకొకరికి చెప్పాడు. మీకూ అదే జవాబు. ఒంటరితనం ఉంటుంది, పంపకంలో కలవనివాడిని అనుమానంగా చూస్తారు. బదిలీ కూడా చేస్తారు. దానికి సంఘం మీ వెంట నిలబడాలి. "అన్నయ్య బదిలీ కోసం ప్రార్థిద్దాం" అనడంతో సరిపెట్టకుండా, పిల్లల స్కూలు, ఇల్లు మారే ఖర్చు కూడా సంఘం పంచుకోవాలని నేను కోరుకుంటాను.

ఇవ్వాల్సి వచ్చినప్పుడు? పని ఆగిపోతుంది కదా?

తీసుకోవడం, ఇవ్వడం ఒకటి కాదు. ఒకరు అధికారంతో పిండుతారు, ఒకరు గతిలేక ఇస్తారు. అయినా మామూలు విషయంగా తీసుకోకండి. 2018లో అవినీతి నిరోధక చట్టం సవరించాక లంచం ఇవ్వడం కూడా నేరం. బలవంతం మీద ఇచ్చినవాళ్లు 7 రోజుల్లోపు అధికారులకు తెలియజేస్తే వాళ్లకు ఆ నేరం వర్తించదు.

పౌలు సంగతి గుర్తు చేసుకోండి. రోమా అధిపతి ఫేలిక్సు డబ్బు ఆశించి ఆయన్ని మాటిమాటికీ పిలిపించుకునేవాడు (అపొస్తలుల కార్యములు 24:26). ఇచ్చి ఉంటే బయటపడేవాడేమో. రెండేళ్లు ఖైదులోనే ఉన్నాడు. పని ఆలస్యం కావడం కూడా సిలువలో భాగమే అని నాకు అక్కడ అర్థమైంది.

ఇంటిపనితోనే సరిపోతుంది. ప్రార్థనకే టైమ్ లేదు. నేనేం శిష్యురాలిని?

అన్నిటికంటే ఎక్కువసార్లు, అన్నిటికంటే దిగులుగా అడిగేది ఇదే. కన్నీళ్లు పెట్టుకుని అడిగినవాళ్లున్నారు.

మా అత్తగారికి పక్షవాతం వచ్చి నాలుగేళ్లు మంచంలో ఉన్నారు. తెల్లారుజామున ఐదింటికి లేచి వేడినీళ్లు పెట్టి, ఆవిడను ఒక పక్కకు ఒరిగించి, వీపు తుడిచి, పుండ్లు పడకుండా పౌడరు రాసి, పక్కబట్ట మార్చాలి. బరువు మనిషి. ఒక చేత్తో ఎత్తి పట్టుకుని ఇంకో చేత్తో దుప్పటి లాగడం నేర్చుకోవడానికి నాకు నెల పట్టింది. ఆ తర్వాత మా ఆయనకు బాక్సు, పిల్లలకి జడలు, షాపు. మొదటి ఏడాదంతా ఏడుస్తూనే చేశాను. పెళ్లికి ముందు రోజూ గంటసేపు మోకాళ్ల మీద ఉండేదాన్ని, ఇప్పుడు బైబిలు తెరిస్తే నిద్ర ముంచుకొస్తోంది, దేవుడికి దూరమైపోయానని.

ఒకరోజు ఆవిడ కాళ్లు తుడుస్తుంటే యోహాను 13 గుర్తొచ్చింది. ప్రభువు కూడా తువ్వాలు కట్టుకుని పళ్లెం ముందు కూర్చున్నాడు కదా. అప్పటినుంచి తెల్లారుజామున ఐదింటికి చేసే ఆ పనే నా ప్రార్థన వేళ అయింది. వీపు తుడిచేటప్పుడు ఆవిడ కోసం, పాదాలు తుడిచేటప్పుడు పిల్లల నడత కోసం, పక్కబట్ట పిండేటప్పుడు నా కోపం కోసం. ఆవిడకి మాట సరిగ్గా వచ్చేది కాదు గానీ చివర్లో "ఆమేన్" మాత్రం అనేవారు.

నెహెమ్యా 2:4 చూడండి. రాజు ప్రశ్న అడిగాడు, నెహెమ్యా దేవునికి ప్రార్థన చేసి జవాబిచ్చాడు. ఎంతసేపు ప్రార్థించి ఉంటాడు? రెండు క్షణాలు. పదిహేడో శతాబ్దంలో పారిస్‌లో బ్రదర్ లారెన్స్ అనే సన్యాసి ఉండేవాడు. మఠంలో వంటగది పని, తర్వాత చెప్పులు బాగుచేసే పని ఆయనది. గిన్నెల చప్పుడు మధ్య కూడా దేవుడి సన్నిధిలో ఉండొచ్చని ఆయన బతికి చూపించాడు.

ఇంకో మాట కూడా చెప్పాలి. పెద్దవాళ్లను చూసుకోవడం తప్పించుకోవడానికి దేవుణ్ని అడ్డం పెట్టుకునేవాళ్లను మార్కు 7:11లో ప్రభువు తీవ్రంగా గద్దించాడు. తల్లిదండ్రులకు ఇవ్వాల్సింది "కొర్బాను", దేవుడికి ఇచ్చేశాం అనేవారట. అత్తగారి మందులు మర్చిపోయి ఉపవాస కూడికకు వెళ్లడం నాకు ఆ కొర్బానులాగే అనిపిస్తుంది.

భర్తలకు కూడా ఇది రాస్తున్నాను. మీ ఆవిడకి ప్రార్థనకి టైమ్ లేదంటే, అందులో సగం జవాబు మీ చేతుల్లో ఉంది. రాత్రి గిన్నెలు మీరు తోమండి.

ఆఫీసులో సువార్త చెప్పాలా?

అడిగినవాళ్లకి చెప్పండి, సాత్వికంగా, గౌరవంగా చెప్పండి. 1 పేతురు 3:15లో ఉన్నది అదే. జీతం తీసుకుంటున్న వేళ యజమానిది. ఆ సమయంలో కరపత్రాలు పంచితే అది కూడా ఒకరకం దొంగతనమే. మీ కింద పనిచేసేవాళ్లను, మీ దగ్గర అప్పున్నవాళ్లను ఒత్తిడి చేయడం అసలే కూడదు.

మా ప్రాంతం చరిత్ర చూడండి. తాళ్లకొండపాడు యర్రగుంట్ల పేరయ్య గారు మాదిగ కులంలో పుట్టినవారు, తోళ్ల వ్యాపారి. ఆ వ్యాపారం మీద తిరుగుతున్నప్పుడే ఏలూరు వైపు సువార్త విన్నారు. 1866లో బాప్తిస్మం పొందారు. ఆ తర్వాత ఊరూరా ఆయన నోట వాక్యం వ్యాపించింది. అంతకుముందే ఆయన ఆ ఊళ్లలో అందరికీ తెలిసిన మనిషి. తెలిసిన మనిషి చెప్పాడు కాబట్టి జనం విన్నారని నేననుకుంటాను.

ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లాఫ్ దొర గురించి కూడా ఒకటి చెప్పాలి. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వించే కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని ఇచ్చారు. అమెరికాలో సర్వేయరుగా చేసిన అనుభవం అక్కడ పనికొచ్చింది. వాక్యం చెప్పే బోధకులే అక్కడ మేస్త్రీలు. అయితే సాయం అందుతున్నన్నాళ్లు ఆయన ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కూటి కోసం కలిశారన్న మాట రాకూడదని. పని, సాయం అన్నీ అయిపోయాక 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ సంఖ్యను మనం సభల్లో గొప్పగా చెప్పుకుంటాం. అన్నాళ్లు ఆగిన ఆ ఓపిక గురించి కూడా చెప్పుకోవాలి.

ఆఫీసులో ఆయుధ పూజ చేస్తారు, ప్రసాదం పెడతారు. ఏం చేయాలి?

ఎవరినీ కించపరచకుండా నిలబడండి. పూజ ఏర్పాట్లకి కుర్చీలు సర్దడం, వచ్చినవాళ్లకి మంచినీళ్లివ్వడం వేరు, మొక్కడం వేరు. 2 రాజులు 5లో సిరియా సేనాధిపతి నయమాను, మా రాజు రిమ్మోను దేవత గుడిలో నా చేతిమీద ఆనుకుని వంగితే నేనూ వంగాల్సి వస్తుంది అని ముందే చెప్పుకున్నాడు. ఎలీషా ప్రవక్త ఆయన మీద కేకలేయలేదు, నెమ్మదిగా వెళ్లు అన్నాడు. ప్రసాదం విషయంలో 1 కొరింథీయులకు 8, 10 అధ్యాయాలు చదివి మీ మనస్సాక్షి ముందు తేల్చుకోండి. నేను తీసుకోను, "వద్దండీ, ఏమీ అనుకోకండి" అని నవ్వుతూ చెప్తాను. మా వీధిలో ఎవరూ దానికి బాధపడలేదు. తీసుకునే విశ్వాసి మీద నేను తీర్పు తీర్చను.

ఆదివారం డ్యూటీ పడుతుంది. పాపమా?

మా ఆయన బస్సు డ్రైవరు. నెలలో రెండు ఆదివారాలు స్టీరింగ్ మీదే ఉంటారు. మీరు గుడికి వచ్చిన ఆటో నడిపినవాడు, ఆసుపత్రిలో మీ అమ్మకు సెలైన్ పెట్టిన సిస్టరు కూడా ఆదివారం పనిచేసినవాళ్లే. డ్యూటీ పడిన వారంలో ఇంకో రోజు విశ్రాంతి కోసం, వాక్యం కోసం పక్కన పెట్టుకోండి.

అయితే డబ్బుకోసం మనంతట మనమే ఏడు రోజులూ షట్టరు తీసి ఉంచడం వేరే సంగతి. ఇక్కడి మొదటి క్రైస్తవులకు పెట్టిన నియమాల్లో ఆదివారం పని చేయకపోవడం ఒకటి. ఎప్పుడు పిలిస్తే అప్పుడు వెట్టికి వెళ్లాల్సిన కులాలవాళ్లు, ఈ రోజు రాము అన్నందుకు దెబ్బలు కూడా తిన్నారు. వాళ్లు అంత ఖరీదు పెట్టి కొన్న రోజును నేను నాలుగు జాకెట్ల కోసం అమ్ముకోలేను.

యజమాని అన్యాయంగా ఉంటే ఓర్చుకోవడమే శిష్యత్వమా?

కాదు. ఓర్పు వేరు, నోరు మూసుకోవడం వేరు. ఫిలిప్పీలో తీర్పు లేకుండా కొట్టి, తర్వాత చాటుగా వదిలేయబోతే, పౌలు "వాళ్లే వచ్చి మమ్మల్ని బయటికి తీసుకెళ్లాలి" అన్నాడు. తన పౌరహక్కు గురించి నోరు తెరిచి చెప్పాడు. జీతం ఎగ్గొడితే లేబర్ ఆఫీసుకి వెళ్లండి. ఆడపిల్లలతో పనిచోట అసభ్యంగా ప్రవర్తిస్తే 2013 చట్టం ఉంది. పదిమంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసే చోట ఫిర్యాదుల కమిటీ ఉండాలి. చిన్నచోట్ల వాళ్లకి, ఇళ్లలో పనిచేసేవాళ్లకి జిల్లా స్థాయిలో కమిటీ ఉంటుంది. "క్షమించేయమ్మా" అని ఆ పిల్లని ఇంటికి పంపించే పెద్దలు దయచేసి అలా చేయకండి. క్షమించడం ఆమె, దేవుడు చూసుకుంటారు. మీరు ఆమెతో కమిటీ దాకా వెళ్లండి.

నేనే యజమానిని. నాకేం చెప్తారు?

లేవీయకాండము 19:13 చదవండి. కూలివాడి కూలి తెల్లారేదాకా మన దగ్గర ఉంచుకోకూడదు. యాకోబు 5:4లో అలా బిగబట్టిన కూలే మొర పెడుతుందని ఉంది. సంఘానికి కొత్త సౌండ్ బాక్సులు కొనిచ్చి, పనివాళ్లకి నెలరోజుల జీతం ఆపిన మనిషి నాకు తెలుసు. ఆ బాక్సులో పాట వింటుంటే నాకు గుండెల్లో కలుక్కుమనేది.

ఇంట్లో పనిచేసే అమ్మాయికి టీ ఏ గ్లాసులో ఇస్తున్నారు? విడిగా పెట్టిన స్టీలు గ్లాసులోనా? మన తాతలు ఆ గ్లాసు దెబ్బ తిన్నవాళ్లే. ప్రభువు బల్ల దగ్గర ఒకే గిన్నెలోంచి తాగి, ఇంటికొచ్చి ఆ అమ్మాయికి వేరే గ్లాసు పెట్టడం నాకు చాలా బాధగా ఉంటుంది. ఈ రోజే మార్చేయండి.

ఉద్యోగం రాలేదు. నా జీవితానికి ఉద్దేశం ఏముంది?

"పని చేయనివాడు తినకూడదు" అని ఇంట్లోవాళ్లు అంటున్నారని ఒక కుర్రాడు తల దించుకుని చెప్పాడు. 2 థెస్సలొనీకయులకు 3:10లో ఉన్నది పని చేయడానికి ఇష్టపడనివాడి గురించి. పని దొరకనివాడి గురించి కాదు. ఆ తేడా తెలియక ఎంతమంది పిల్లలు కుమిలిపోతున్నారో.

యొప్పేలో దొర్కాకి ఉద్యోగం ఉందని ఎక్కడా రాయలేదు. విధవరాళ్లకు అంగీలు కుట్టింది. ఆమె చనిపోతే వాళ్లంతా ఆ అంగీలు పట్టుకొచ్చి పేతురుకి చూపించి ఏడ్చారు. మీరు చదువుకున్నవారు. పక్కింటి పిల్లాడికి లెక్కలు చెప్పండి, పింఛను రాని ముసలమ్మకి దరఖాస్తు నింపండి. ఉద్యోగం కోసం వెతుకుతూనే చేయండి. జీతం లేనిదల్లా పని కాదని దేవుడు అనడు.

కువైట్‌లో ఇంటిపనిలో ఉన్నాను. గుడికి పంపించరు.

గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి వెళ్లిన మన అక్కచెల్లెళ్లు ఎందరో ఇదే చెప్తారు. అక్కడ శుక్రవారం సెలవు కాబట్టి సహవాసాలు ఆ రోజే జరుగుతాయి, దానికీ వెళ్లనివ్వని ఇళ్లుంటాయి. నయమాను ఇంట్లో పనికి పెట్టుకున్న ఇశ్రాయేలు చిన్నపిల్లను గుర్తు చేసుకోండి. చెరగా తెచ్చిన పిల్ల. పేరు కూడా రాయలేదు. ఆమె చెప్పిన ఒక్క మాట పట్టుకునే ఆ సేనాధిపతి బయల్దేరాడు. ఫోనులో వారానికి ఒకసారి మీతో కలిసి ప్రార్థించే ఒక్క మనిషిని మీ సంఘంలో అడగండి. అడగడానికి మొహమాటపడకండి, మీరు పంపే డబ్బుతో ఇక్కడ గుడిగోడలు లేచాయి.

మళ్లీ మళ్లీ తప్పిపోతుంటే?

పోయిన డిసెంబరులో నేనే మళ్లీ అన్నాను, "కాజాలే మిగిలాయి" అని. ఆవిడ వెళ్లాక మిషను తొక్కలేకపోయాను. సాయంత్రం ఫోన్ చేసి, "అమ్మా, పొద్దున నేను అబద్ధం చెప్పాను, మీ గుడ్డ ఇంకా కత్తిరించలేదు, ఎల్లుండికి ఇస్తాను" అన్నాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత "సరే, పండగ లోపల ఇవ్వు" అంది. ఇచ్చాను.

పేతురు మూడుసార్లు అబద్ధమాడాడు, నిప్పు కాచుకుంటూ. యోహాను 21లో తిరిగి లేచిన ప్రభువు ఒడ్డున మళ్లీ నిప్పులు రాజేశాడు. చేపలు కాల్చి, రొట్టె పెట్టి, రండి భోజనం చేయండి అని పిలిచాడు. తిన్నాకే పేతురుతో ఆ మాట ఎత్తాడు, అడిగినన్ని సార్లూ పని అప్పజెప్పాడు.